మళ్లీ పక్క తడుపుతున్నాడు, ఏం చేయాలి?
(కరోనా రోజుల నాటి ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. కరోనా వల్ల స్కూళ్లు మూతపడి పిల్లలంతా నాలుగు గోడల మధ్యే ఉండిపోయారు. 2020 ఏప్రిల్ నాటికే ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారని యునెస్కో లెక్క. చదువు సంగతి తర్వాత, ముందు వాళ్ల మనసు సంగతి మాట్లాడుకుందాం. పిల్లల మానసిక వైద్యురాలు మనతో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబుకి ఏడేళ్లు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. రోజంతా నా కొంగు వదలడు. చేతులు కడిగిందే కడగడం, వేళ్ల సందుల్లో తోలు లేచిపోతోంది. వాళ్ల నాన్న గట్టిగా అరిచారు, అయినా మారలేదు.

డాక్టర్: అరిస్తే ఇంకా పెరుగుతుందమ్మా. వాడు కావాలని చేయట్లేదు. ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్, మలబద్ధకం, అరుదుగా షుగర్ వల్ల కూడా ఇలా అవుతుంది. అవేవీ కాకపోతే టెన్షనే అనుకోవచ్చు. ఈ వయసు పిల్లలు భయంగా ఉందని నోరు తెరిచి చెప్పరు. కడుపునొప్పి అంటారు, అన్నం మీద అలుగుతారు. ఇంట్లో వార్తలు నడుస్తుంటాయా?

కాలర్: పొద్దస్తమానం. ఆయనకి టీవీ లేకపోతే తోచదు.

డాక్టర్: చూసి బాబు ఏమైనా అడిగాడా?

కాలర్: 'నేను చేతులు కడుక్కోకపోతే నానమ్మ చచ్చిపోతుందా' అన్నాడు. పిచ్చి మాటలు మాట్లాడకని కసిరాను.

డాక్టర్: అదిగో! నానమ్మ ప్రాణం తన చేతుల్లోనే ఉందనుకుంటున్నాడు. ఇవాళే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి: 'నానమ్మని చూసుకోవడం పెద్దవాళ్ల పని. తినేముందు, బాత్రూంకి వెళ్లొచ్చాక ఇరవై సెకన్లు కడుక్కుంటే నీ పని అయిపోయింది.' ఎవరికీ ఏమీ కాదని మాత్రం మాటివ్వకండి. రేపు ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. నానమ్మతో రోజూ వీడియో కాల్ మాట్లాడించండి. వార్తలు వాడు పడుకున్నాక చూడమనండి ఆయన్ని. రాత్రి పక్క తడిపితే దుప్పటి మార్చేయండి, పొద్దున ఆ ఊసెత్తొద్దు. రెండు వారాల్లో ఆ కడుక్కోవడం తగ్గకపోతే ఫోన్‌లోనైనా మానసిక వైద్యుల్ని సంప్రదించండి.

యాంకర్: ఇంకో కాల్. చెప్పమ్మా.

కాలర్: మేడమ్, నేను తొమ్మిదో తరగతి. రాత్రి మూడింటిదాకా నిద్రపట్టదు. క్లాసులో కెమెరా ఆపేసి పడుకుంటున్నా. ఫ్రెండ్స్ మెసేజ్‌లకి కూడా జవాబివ్వాలనిపించట్లేదు.

డాక్టర్: ఫోన్ చేసి మంచి పని చేశావు. సూటిగా అడుగుతాను, ఏమనుకోకు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?

కాలర్: అలా కాదు... నేను లేకపోతే బాగుండు అనిపిస్తుంది, అప్పుడప్పుడు.

డాక్టర్: చెప్పావు, అదే మంచిది. ఇంట్లో ఎవరికి చెప్పడం నీకు తేలిక?

కాలర్: అక్కకి.

డాక్టర్: అక్కని పిలువు. లైన్ పెట్టేయకు, మీ ఇద్దరితో విడిగా మాట్లాడతాను.

యాంకర్: ఈ కాల్ ఇక ప్రసారం చేయం. మేడమ్, ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన కలుగుతుందని తల్లిదండ్రులు భయపడతారు కదా?

డాక్టర్: కలగదు. అడిగితే చాలామంది పిల్లలు 'హమ్మయ్య' అనుకుంటారు. అవునంటే మాత్రం ఒంటరిగా వదలొద్దు, మందులు, పదునైన వస్తువులు అందకుండా పెట్టి ఆ రోజే డాక్టరుకి చూపించండి. పరీక్షలున్నాయి, తర్వాత చూద్దాం అనొద్దు. సరే, ఆ అమ్మాయి లైన్ కలపండి.