అక్కడ మామూలు మంగళవారం ఎలా ఉంటుంది?

విద్యార్థులకూ, వాళ్ల వెంట వచ్చిన అమ్మానాన్నలకూ నమస్కారం.

కాలేజీ గురించి మాట్లాడమంటే ర్యాంకులు, ఫీజులు, ప్లేస్‌మెంట్ల దగ్గర మొదలుపెట్టడం మామూలే. అవి అవసరమే, కానీ వాటి గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను అడిగేది వేరు. మీరు చేరబోయే చోట పండగా పరీక్షా ఏదీ లేని మామూలు మంగళవారం ఎలా గడుస్తుంది? మీరు అక్కడ బతకబోయేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.

మనిషి ప్రవర్తన అతని స్వభావం మీద, చుట్టూ ఉన్న వాతావరణం మీద, రెండింటి మీదా కలిపి ఆధారపడుతుందని కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1936లో ఒక చిన్న సూత్రంగా రాశాడు. కాలేజీ దగ్గరికొచ్చేసరికి మనం రెండో సగాన్ని వదిలేస్తాం. "చదివే పిల్లలు ఎక్కడైనా చదువుతారు" అనేస్తాం. ఆ మాట నేను ఒప్పుకోను. ఒక చోట నోరు విప్పని అమ్మాయే మరో చోట క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తవచ్చు.

మొదట చూడాల్సింది కాలేజీ ఎంత పెద్దదన్నది. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే పరిశోధకులు అమెరికాలోని కాన్సాస్ హైస్కూళ్లను పరిశీలించి 1964లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద స్కూళ్లలో కార్యక్రమాలు ఎక్కువే. కానీ బాధ్యత తీసుకుని పనిచేసే అవకాశం చిన్న స్కూళ్ల పిల్లలకే ఎక్కువగా వచ్చింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. మనుషులు తక్కువున్న చోట నాటకం వెయ్యాలంటే మొహమాటస్తుణ్ణి కూడా లాక్కొచ్చి వేషం కట్టించాల్సిందే. వేలమంది ఉన్న చోట వేషాలకు పోటీ ఉంటుంది, మిగిలినవాళ్లు కుర్చీల్లో కూర్చుని చూస్తారు. అలాగని చిన్న కాలేజీ అందరికీ నప్పదు. అక్కడ అందరికీ మీ సంగతులన్నీ తెలిసిపోతాయి, ఒకసారి స్నేహం చెడితే వేరే గుంపు వెతుక్కోవడం కష్టం. మీ ఇష్టాలు నలుగురికీ ఉండేవి కాకపోతే, అలాంటివాళ్లు ఇంకో ముగ్గురు దొరికేది బహుశా పెద్ద చోటే. ఎవరో పిలిస్తే తప్ప కదలని స్వభావమా మీది, లేక మీరే వెళ్లి కలిసిపోతారా? దీనికి జవాబు మీకే బాగా తెలుసు.

రెండోది, పక్కన కూర్చునేవాళ్లు. హెర్బర్ట్ మార్ష్ అనే పరిశోధకుడు 1980ల నుంచి దీని మీద పనిచేశాడు. ఒకే సామర్థ్యం ఉన్న ఇద్దరిలో, అందరూ అతి తెలివైనవాళ్లే ఉన్న బడిలో చదివే విద్యార్థికి తన చదువు మీద నమ్మకం తగ్గుతుందని ఆయన చూపించాడు. 2003లో 26 దేశాల పాఠశాల విద్యార్థుల సమాచారంలోనూ అదే ధోరణి కనిపించింది. దీన్ని చిన్న చెరువులో పెద్ద చేప ప్రభావం అంటారు. అలాగని సులువైన కాలేజీలో చేరిపొమ్మని నేను చెప్పను. గట్టి పోటీలో పడితేనే మెరిసేవాళ్లున్నారు, నాకు వాళ్లంటే గౌరవం. క్లాసులో మొదటి స్థానం చేజారినప్పుడు మీరు ఎలా ఉన్నారో ఒకసారి గుర్తుతెచ్చుకోండి. పట్టుదల వచ్చిందా, నాలుగు రోజులు నిద్రపట్టలేదా?

"పేరున్న కాలేజీ వదులుకుంటే భవిష్యత్తు పోదా?" అని తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అమెరికాలో చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. సీటు దొరకడమే కష్టమైన కాలేజీల్లో సీటొచ్చినా, అంత పేరులేని చోట చేరినవాళ్లు తర్వాత సగటున దాదాపు అంతే సంపాదించారు. ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకు మాత్రం ఆ పేరున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. మీ ఇంటి పరిస్థితి ఇందులో ఎటువైపు ఉందో చూసుకోండి.

ఇక చూడటానికి వెళ్లినప్పుడు. ఆహ్వానం పంపి, తోరణాలు కట్టిన రోజు వెళ్లండి, తప్పులేదు. కానీ పనిరోజున ఇంకోసారి వెళ్లండి. మధ్యాహ్నం లైబ్రరీలో కాసేపు కూర్చోండి. నోటీసు బోర్డు మీది తేదీలు చూడండి. క్లాసు అయ్యాక లెక్చరర్ దగ్గర ఎవరైనా ఆగి సందేహం అడుగుతున్నారా, లేక అందరూ తలుపువైపు పరుగెడుతున్నారా? చీకటిపడ్డాక హాస్టల్ దారిలో అమ్మాయిలు ధైర్యంగా నడుస్తున్నారా? వీల్‌చెయిర్‌లో ఉన్న విద్యార్థి అయితే హాస్టల్ నుంచి ల్యాబ్ దాకా తానే వెళ్లి చూడాలి. ర్యాంపు ఉందన్న మాట నమ్మి చేరిపోవద్దు.

సీనియర్లను "కాలేజీ బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటారు. పోయిన ఆదివారం ఏం చేశారని అడగండి. జ్వరమొస్తే ఎవరు చూశారో, ఫెయిలైనప్పుడు ఏ సార్ దగ్గరికో మేడమ్ దగ్గరికో వెళ్లగలిగారో అడగండి. ఈ చివరి ప్రశ్నను నేను అన్నిటికంటే పైన పెడతాను. 2014లో గాలప్, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి అమెరికాలో 30,000 మందికి పైగా పట్టభద్రులను సర్వే చేశాయి. తమను మనిషిగా పట్టించుకున్న అధ్యాపకులు ఉన్నారన్నవాళ్లే తర్వాత ఉద్యోగంలో, జీవితంలో ఎక్కువ సంతృప్తిగా కనిపించారు. కాలేజీ ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నదానికి అంత తేడా కనిపించలేదు.

అమ్మానాన్నలకు ఒక మనవి. చేరిన మొదటి నెలల్లో బెంగ చాలామందికి ఉంటుంది, దాన్నిబట్టి వెంటనే నిర్ణయానికి రావద్దు. కానీ ఫీజు కట్టకముందే బ్రాంచి మార్చుకునే నిబంధనలు, మానేస్తే ఎంత తిరిగిస్తారన్న సంగతి కాగితం మీద చదవండి. ఆ కాగితం మీ అబ్బాయికి, అమ్మాయికి కూడా చూపించండి. అవసరమైతే ఇంట్లో ఆ మాట ఎత్తవచ్చని వాళ్లకు తెలియాలి.