ఐదు రూపాయలే కదా!

(రికార్డింగ్ మొదలయ్యేసరికి అతిథి ఫోన్ చూసుకుంటున్నారు)

హోస్ట్: అన్నా, ఫోన్ సైలెంట్‌లో పెడదామా?

అతిథి: వద్దమ్మా, నా బండి ఎక్కడుందో చెప్పేది ఇదే. నిన్న రాత్రి 9 గంటలకు విజయవాడ హైవే మీద పంతంగి టోల్ గేటు దాటినట్టు మెసేజ్ వచ్చింది. ఇవాళ రాత్రి 9 లోపు వెనక్కి దాటితే సగం టోలే కట్ అవుతుంది.

హోస్ట్: ఈయనది కోదాడ. ఒక టెన్ టైర్ లారీ ఉంది. కోదాడ నుంచి హైదరాబాద్‌కు బియ్యం తోలతారు. పేరు వద్దన్నారు కాబట్టి అన్న అనే పిలుస్తాను. ఆ సగం సంగతేంటో చెప్పన్నా.

అతిథి: పోనూ రానూ 24 గంటల్లో అయిపోతే ఒకవైపు టోల్‌కు ఒకటిన్నర రెట్లే పడుతుంది. కారులో పెళ్లికెళ్లి వచ్చేవాళ్లకు బాగానే ఉంటుంది. నా బండి సిటీలోకి రాత్రి పోవాలి, పొద్దున హమాలీలు వచ్చాక దింపుకోవాలి. పగలు నో ఎంట్రీ కాబట్టి మళ్లీ రాత్రి దాకా కదలకూడదు. మరి 24 గంటల్లో ఎట్లా తిరిగొస్తుంది? గంట ఆలస్యమైనా పూర్తి టోలే. పైగా వచ్చేది ఖాళీ బండి. గేటుకు లోడు, ఖాళీ తేడా ఉండదు.

హోస్ట్: ఇది నాకు తట్టనే లేదు. నేను చాలా రోజులుగా ఒకటే గొణుగుతున్నాను, ఏప్రిల్ 1 వస్తే చాలు టోల్ పెరుగుతుందని. ఒక్క 2024లో లోక్‌సభ ఎన్నికలని ఆపారు. పోలింగ్ అయిపోయింది, లెక్కింపుకు ముందురోజే, జూన్ 3న, పెంచేశారు.

అతిథి: (నవ్వు) ఓట్లు పడ్డాయి కదమ్మా.

హోస్ట్: అసలు ఈ పెంపు ఎలా లెక్కేస్తారో చూద్దామని 2008 నాటి టోల్ రూల్స్ చదివాను. 2007-08లో కారుకు కిలోమీటరుకు 65 పైసలు, బస్సుకూ లారీకీ 2 రూపాయల 20 పైసలు అని మొదలుపెట్టారు. దాని మీద ఏటా 3 శాతం ఖాయంగా పెరుగుతుంది. టోకు ధరలు పెరిగితే ఆ పెరుగుదలలో 40 శాతం కూడా కలుపుతారు. వచ్చిన మొత్తాన్ని దగ్గర్లో ఉన్న ఐదుకు సరిచేస్తారు.

అతిథి: అదీ సంగతి. అందుకే ఎప్పుడడిగినా "ఐదు రూపాయలే కదా పెరిగింది" అంటారు.

హోస్ట్: నాకు కడుపు మండింది మాత్రం ఐదు రూపాయలకు కాదు. ఆ లెక్కలో ధరలున్నాయి, దూరం ఉంది, బండి సైజు ఉంది. రోడ్డు ఎలా ఉందన్నది మాత్రం లేదు. గుంతలు పడినా, సంక్రాంతికి చిట్యాల దగ్గర గంటలు గంటలు నిలబడినా రేటు అదే.

అతిథి: కేరళలో కోర్టు ఆపిందన్నారు కదా?

హోస్ట్: ఆపింది. త్రిశూర్ దగ్గర పలియెక్కర ప్లాజా. రోడ్డు పనులతో ట్రాఫిక్ నరకమైపోతే 2025 ఆగస్టులో హైకోర్టు నాలుగు వారాలు టోల్ వసూలు చేయొద్దంది. హైవే అథారిటీ సుప్రీంకోర్టుకు పోయింది. 65 కిలోమీటర్లు పోవడానికి 12 గంటలు పడితే 150 రూపాయలు ఎందుకు కట్టాలని అక్కడ జడ్జీలే అడిగారు. అప్పీలు కొట్టేశారు. తర్వాత మళ్లీ వసూళ్లు మొదలయ్యాయి, అది వేరే సంగతి.

అతిథి: కానీ నిజం చెప్పుకోవాలి. మన విజయవాడ రోడ్డు మీద 2025 మార్చి ఆఖర్లో కొంచెం తగ్గించారు. రోడ్డు వేసిన కంపెనీ పోయి హైవే అథారిటీయే వసూలు చేసుకుంటోంది కాబట్టి. పంతంగిలో కారుకు ఒకవైపు 15 రూపాయలు తగ్గాయి. పేపర్లో చూసి మా డ్రైవర్ నమ్మలేదు!

హోస్ట్: నాకైతే 2025 ఆగస్టు 15న వచ్చిన టోల్ పాస్ పెద్ద ఊరట. వచ్చిన కొత్తలో 3,000 కడితే 200 సార్లు దాటొచ్చేది, అంటే గేటుకు 15 రూపాయలు పడేది. అవుటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదనుకో.

అతిథి: సొంత కార్లకే అది. పెద్దగా అరిచేది కార్లవాళ్లే, వాళ్ల నోరు మూతపడింది. మేం ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది? మేమేమో కిరాయిలో కలుపుతాం, మిల్లువాళ్లు బియ్యంలో కలుపుతారు. నువ్వు కొనే బస్తాలో పంతంగి గేటూ ఉంది, కొర్లపహాడ్ గేటూ ఉంది.

హోస్ట్: (నవ్వు) అన్నా, ఆ ఫాస్టాగ్ కథ చెప్పు.

అతిథి: ఒక గేటు దగ్గర, ఏదన్నది వద్దులే, మిషన్ నా ట్యాగ్ చదవలేదు. కుర్రాడు చేతి మిషన్ తెచ్చి అద్దానికి ఆనించాడు, గుడ్డతో తుడిచాడు, మళ్లీ ఆనించాడు. అకౌంట్లో డబ్బులున్నాయి, ఫోన్లో చూపించాను. అయినా డబుల్ కట్టమన్నాడు.

హోస్ట్: తప్పు వాళ్ల మిషన్‌దైతే సున్నా రసీదు ఇచ్చి వదిలేయాలని రూల్ ఉంది కదా?

అతిథి: ఉందమ్మా. వెనక ఇరవై బండ్లు హారన్ కొడుతుంటే ఆ రూల్ చదివి వినిపించు చూద్దాం. కట్టేసి వచ్చాను. 1033కి ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకున్నారు.

హోస్ట్: డబ్బులు వచ్చాయా?

అతిథి: రాలేదు. ఇప్పుడు టైమెంత?

హోస్ట్: ఎనిమిదీ నలభై.

అతిథి: ఒక్క నిమిషం. (ఫోన్‌లో) హలో, ఎక్కడున్నావ్? ...దిగిందా సరుకు? ...మరి? ...సరే, సరే. టీ తాగి మెల్లగా రా, ఇంక తొందరేం లేదు.