సెయిల్‌బోటులో ముందు పడకలు, ఆ తర్వాతే సామాను

అందరికీ నమస్కారం. ఈ రోజు తెరచాపల జోలికి వెళ్ళకుండా బోటు లోపలే కూర్చుని మాట్లాడుకుందాం. ఇది కాటలీనా 27. పొడవు 27 అడుగులకి రెండంగుళాలు తక్కువ, వెడల్పు 9 అడుగులకి రెండంగుళాలు తక్కువ. 1971లో మొదలుపెట్టి 6,000కు పైగా తయారుచేశారు కాబట్టి అమెరికాలో చాలా మరీనాల్లో కనిపిస్తుంది. మాది తూర్పు తీరంలోని చెసాపీక్ బేలో, అనాపొలిస్ దగ్గర ఉంటుంది. మీ బోటు వేరేదైనా పర్వాలేదు, ఈ సైజులో లోపలి అమరిక కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

బోటు ఎక్కగానే చాలామంది చేసే పని, బ్యాగులన్నీ తీసుకెళ్ళి వీ-బెర్త్, అంటే బోటు ముక్కులో ఉండే వీ ఆకారపు పడక మీద పడేయడం. రాత్రి పడుకోవాలంటే అవన్నీ సెట్టీ, అంటే గోడ వెంట ఉన్న సోఫా మీదకి మారతాయి. పొద్దున్న కూర్చోవాలంటే మళ్ళీ వీ-బెర్త్ మీదకి. రెండు రోజులయ్యేసరికి ఈ బోటు చాలదు, పెద్దది కొనాలి అనే మాట వస్తుంది. కొనకండి. ఎవరు ఎక్కడ పడుకుంటారో ముందు తేల్చుకోండి. ఆ పడకల మీద పగలైనా సరే ఒక్క వస్తువు కూడా ఉండకూడదు. సామానంతా మిగిలిన చోట్లలోనే పట్టాలి. పట్టనిది ఇంట్లోనే ఉండిపోవాలి.

ఇదిగో, వీ-బెర్త్. లంగరు వేసుకుని ఆగినప్పుడు దీన్ని మించిన పడక లేదు. పైన హ్యాచ్, అంటే కప్పు మీది మూత తెరిస్తే గాలి నేరుగా ముఖానికి తగులుతుంది. రాత్రంతా ప్రయాణం చేసేటప్పుడు మాత్రం ఇక్కడ పడుకోకండి. అలల మీద బోటు ఎక్కువగా ఎగిరిపడేది ముందు కొసే. అప్పుడు నడుం వాల్చాల్సింది బోటు మధ్యలో ఉన్న ఈ సెట్టీ మీద. అది కూడా బోటు ఏ వైపుకి ఒరుగుతోందో ఆ వైపు సెట్టీ అయితే ఒళ్ళు గోడకి ఆనుకుని స్థిరంగా ఉంటుంది. సముద్రంలో పడక వెడల్పుగా ఉంటే సుఖం అనుకుంటాం గానీ, వెడల్పు ఎక్కువైతే మనిషి అటూ ఇటూ దొర్లిపోతాడు. 60 సెంటీమీటర్లు చాలు. మీ సెట్టీ మరీ ఇరుగ్గా ఉంటే వెనకున్న ఆనుడు దిండు తీసేయండి, ఓ పది సెంటీమీటర్లు కలిసొస్తుంది.

మరి ఎదుటి వైపు సెట్టీ మీద పడుకోవాల్సి వస్తే? మనిషి కింద పడకుండా అడ్డుగా కట్టే ఈ లీ క్లాత్ దానికే. దగ్గరగా చూపిస్తాను. గట్టి మెష్ గుడ్డ ఇది. కాన్వాస్ కూడా పనికొస్తుంది గానీ మెష్ అయితే గాలి ఆడుతుంది. పొడవు భుజం నుంచి మోకాలి దాకా ఉంటే చాలు, అంటే సుమారు 120 సెంటీమీటర్లు. పరుపు పైకి 40, 45 సెంటీమీటర్లు లేవాలి. కింది అంచుని పరుపు కిందకి మడిచి, చెక్క పట్టీ పెట్టి ప్లైవుడ్‌కి స్క్రూలు బిగించాను. స్క్రూ వేసే ముందు చెక్క ఎత్తి కింద ఏముందో తప్పకుండా చూడండి, చాలా బోట్లలో సరిగ్గా అక్కడే నీళ్ళ ట్యాంకు ఉంటుంది. పై మూలలకి తాళ్ళు కట్టి ఈ హ్యాండ్‌రెయిల్‌కి బిగించాలి. ముడి ఎలా ఉండాలంటే, లోపల పడుకున్న మనిషి తన బరువంతా గుడ్డ మీద ఉన్నా సరే చెయ్యి చాపి విప్పుకోగలగాలి. పగలు దీన్ని పరుపు కిందకి తోసేస్తే ఉన్నట్టే తెలియదు.

ఇప్పుడు పరుపు ఎత్తుతున్నాను. కింద తడి కనిపిస్తోందా? పైనుంచి కారిన నీళ్ళు కావివి. కింద హల్, అంటే బోటు బయటి గోడ చల్లగా ఉంటుంది, పైన మన ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, చెమ్మంతా ఈ ప్లైవుడ్ మీద పేరుకుంటుంది. వదిలేస్తే బూజు పట్టి పరుపే పాడవుతుంది. పరుపు కింద గాలి ఆడటానికి ప్లాస్టిక్ తీగల అల్లిక లాంటి షీటు దొరుకుతుంది, రెండు సెంటీమీటర్ల మందం ఉంటుంది. అది పరవండి, లేదా చెక్క పట్టీలు వేయండి. లేచాక పరుపుని ఓ గంట నిలబెట్టి ఉంచితే ఇంకా మంచిది.

సామానుకి వద్దాం. బరువైనవన్నీ కిందకి, మధ్యకి. తేలికైనవే కొసలకి. ముందు కొసలో లంగరు గొలుసు బరువు ఎలాగూ ఉంది. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి దాదాపు 1.4 కిలోలు తూగుతుంది, 50 మీటర్లంటే 70 కిలోలు. దాని వెనకే మళ్ళీ బియ్యం బస్తా పెడితే బోటు ముక్కు నీళ్ళలోకి దిగిపోతుంది. కుడి ఎడమలు కూడా సమంగా ఉండాలి.

సూట్‌కేసులు తేకండి, మెత్తటి బ్యాగులు తెండి. హల్ గోడ వంపుగా ఉంటుంది కదా, గట్టి పెట్టె ఆనిస్తే వెనక చోటంతా వృథా. దుప్పట్లని దిండు గలీబుల్లో కుక్కితే పగలు అవే ఆనుకునే దిండ్లు. అట్టపెట్టెలు బోటు ఎక్కనివ్వకండి, వాటితో బొద్దింకలు వస్తాయి. డబ్బాల మీది కాగితం లేబుళ్ళు ముందే పీకేసి, మార్కరుతో పేరు రాసుకోండి. తడికి ఊడిన లేబుళ్ళు బోటు అడుగున, అంటే బిల్జ్‌లో చేరిన నీళ్ళు తోడే పంపుకి అడ్డం పడతాయి, అదీ నీళ్ళు తోడాల్సిన సమయంలోనే. మనవాళ్ళకి ఇంకో మాట: ఆవకాయ గాజు సీసాలో తేవద్దు. మర మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, దాన్ని ఇంకో లోతైన డబ్బాలో పెట్టండి. ఆ నూనె బిల్జ్‌లోకి దిగితే కడిగి కడిగి విసుగొస్తుంది.

లాకర్ మూతలన్నిటికీ గడియలు ఉండాలి. సీకాక్‌ల ముందు, అంటే హల్‌లోని రంధ్రాలని మూసే వాల్వుల ముందు ఏమీ పెట్టకూడదు, పైపు పగిలితే ఆ వాల్వు మూయడానికి సామాను లాగేంత సమయం ఉండదు.

చివరిగా, అన్నిటికంటే నేను పట్టుబట్టే విషయం. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టివచ్చే 2018 గోల్డెన్ గ్లోబ్ సెయిలింగ్ రేసులో అప్పటి మన నావికాదళ కమాండర్ అభిలాష్ టోమీ వెళ్తుండగా, సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకి ఆయన పడవ తురియా మాస్ట్, అంటే తెరచాప స్తంభం విరిగింది, వెన్నుకి పెద్ద దెబ్బ తగిలింది. బెర్త్‌లో పడి ఉన్నారు, నడవలేరు. రెండో శాటిలైట్ ఫోను, దగ్గరి నౌకలతో మాట్లాడే చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో ఎమర్జెన్సీ బ్యాగులో ఉన్నాయి. ఆ బ్యాగు అదే పడవలో ఉంది, కానీ ఆయన చేతికి అందలేదు. ఓసిరిస్ అనే ఫ్రెంచి నౌక 24న ఆయన్ని చేరుకుంది.

అంత అనుభవం ఉన్న మనిషికే అలా జరిగింది. అందుకే ప్రతి పడకకీ చెయ్యి చాపితే అందేలా ఈ గుడ్డ సంచీ బిగించాను. ఇందులో హెడ్‌ల్యాంప్, విజిల్, నీళ్ళ సీసా, చేతి వీహెచ్‌ఎఫ్. ఇవి తప్ప ఇంకేమీ దూర్చను. మీరూ సంచీ బిగించే ముందు పడుకుని, లైట్లు ఆర్పి, నడుం కదపకుండా ఒక్క చేత్తో వెతికి చూడండి. ముందు కుడి చేత్తో, తర్వాత ఎడమ చేత్తో. రెండింటికీ అందిన చోటే పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడే స్క్రూ వేయండి.