ఆపిల్ చేదు, మిరప కారం: పురుగు ఎందుకు ఆగదు?

(గుంటూరులో రైతులు, వ్యవసాయ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఆపిల్ పండని గుంటూరులో ఆపిల్ చెట్టు మీద ప్రసంగమేమిటని కొందరు నవ్వుకునే ఉంటారు. మిరప రైతులు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతారు: ‘ఇంత కారమున్న మొక్కను పురుగు ఎలా తింటుందండీ?’ ఆపిల్ చెట్టు రసాయనాల్లో దీనికి జవాబు దొరుకుతుంది.

ఆపిల్ ముక్క కోసి ఉంచితే కాసేపటికి గోధుమరంగుకు తిరుగుతుంది. పాడైందని పక్కన పెడతాం. నిజానికి అది చెట్టు చేసుకునే ఆత్మరక్షణ. కణంలో ఒక అరలో ఫినాల్ పదార్థాలు, మరో అరలో వాటిని మార్చే ఎంజైము విడివిడిగా ఉంటాయి. కత్తి దిగినా, పురుగు కొరికినా అరలు తెగి రెండూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్ తోడై క్వినోన్లు అనే కొత్త పదార్థాలు పుడతాయి. అవి మాంసకృత్తులకు అతుక్కుపోతాయి కాబట్టి కొరికిన పురుగుకు ఆ మేత సరిగా ఒంటపట్టదు. గాయం లేనిచోట ఇదేమీ జరగదు. ఒక మూల పురుగు కనబడితే ఎకరమంతా మందు కొట్టే మనం ఈ పొదుపును కాస్త గమనించాలి.

ఆకుల్లో, బెరడులో, వేర్లలో ఉండే అసలు సరుకు ఫ్లోరిడ్జిన్ అనే చేదు పదార్థం. కొన్ని రకాల్లో ఎండుటాకు బరువులో నూటికి పది పాళ్ల దాకా ఉంటుంది. 1835లో యూరప్ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని బెరడు నుంచి వేరు చేశారు. మలేరియా జ్వరానికి వాడే సింకోనా బెరడులాగే చేదుగా ఉంది కదా, జ్వరాలకు పనిచేస్తుందనుకున్నారు. 1886లో తేలిందేమిటంటే, అది రక్తంలోని చక్కెరను మూత్రంలోకి పంపిస్తుందని. ఈ సభలో మధుమేహానికి డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర వేసుకునేవారు ఉంటే, దాని మూలం ఆపిల్ బెరడేనని తెలుసుకోండి.

ఇక పురుగు సంగతి. మన మిరప, పొగాకు లేతాకుల అడుగున చేరి రసం పీల్చే చిన్న పురుగు, పచ్చ పేనుబంక ముందు ఫ్లోరిడ్జిన్ కలిపిన తీపి ద్రవం పెట్టి చూశారు. అది తాగడానికి వెనకాడింది. అదే ఆపిల్ చెట్టు మీద బతికే పేనుబంక మాత్రం వెనకాడలేదు. నా దృష్టిలో మొత్తం విషయం ఇక్కడే ఉంది. చెట్టులోని చేదు బయటి పురుగులను ఆపుతుంది, ఆ చెట్టునే నమ్ముకున్న పురుగు దానికి ఏనాడో అలవాటుపడింది. మన తోటలో కనిపించేవన్నీ అలా నెగ్గుకొచ్చినవే. ఓడినవి మన కంటబడవు, అందుకే మొక్కకు రక్షణే లేదనుకుంటాం.

మిరపలో ఇంకో చిక్కుంది. కాయను చీల్చి చూడండి, గింజలను పట్టి ఉంచే తెల్లటి పొరలోనే కారం తయారవుతుంది. ఆకులో లేదు, పువ్వులో లేదు. చిలుకకు ఆ కారం మంట తెలియదు, ఎలుకకు తెలుస్తుంది. బొలీవియా అడవి మిరపల్లో కారం ఉన్న కాయల గింజలకు బూజు తక్కువ పట్టిందని కూడా చూశారు. కాబట్టి కారం గింజకు కాపలా. 2021లో మన పొలాల మీద పడిన నల్ల తామర పురుగు చేరింది పూతలో. దానికి కారం ఎదురే కాలేదు.

మరి చెట్టుకు నిరోధకత ఎక్కడి నుంచి తేవాలి? ఆపిల్‌లో రెండు దారులు చూశారు. వేర్లను, కొమ్మలను పట్టే ఉన్ని పేనుబంకను నార్తర్న్ స్పై అనే అమెరికా రకం తట్టుకుంటుంది. దానితో ఇంగ్లండులో ఎంఎం 106, ఎంఎం 111 వంటి వేరుమూలాలు, అంటే అంటుకు అడుగున వేరు భాగంగా ఉండే మొక్కలు, తయారుచేశారు, నచ్చిన రకాన్ని వాటి మీద అంటు కట్టుకోవచ్చు. హిమాచల్, కశ్మీర్ తోటల్లోనూ ఇవి ఉన్నాయి.

రెండోది ఆకుల మీద, కాయల మీద మచ్చలు వేసే శిలీంధ్ర తెగులు, స్కాబ్ కథ. 1973లో కశ్మీర్ తోటలను దెబ్బతీసిన తెగులిది. ఒక పూల ఆపిల్ జాతి నుంచి తెచ్చిన ఒకే ఒక్క జన్యువుతో, 1970లో విడుదలైన ప్రైమా మొదలుకొని ఎన్నో రకాలు వచ్చాయి. ఆ జన్యువు విషం తయారు చేయదు, తెగులు శిలీంధ్రాన్ని గుర్తుపట్టి కణాన్ని అప్రమత్తం చేస్తుంది. కొన్నేళ్లకు యూరప్‌లో ఆ గుర్తింపును తప్పించుకునే శిలీంధ్ర రకం బయటపడింది. అందుకే ఇప్పుడు ఒకే రకంలో వేర్వేరు నిరోధక జన్యువులను కలుపుతున్నారు.

మిరప విత్తనం సంచి మీద ‘తట్టుకునే రకం’ అని ఉంటే ఏ పురుగును, ఏ తెగులును అని దుకాణంలో గట్టిగా అడగండి. పేరు చెప్పలేకపోతే ఆ మాటకు అదనంగా డబ్బు పెట్టకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.