‘రికార్డు దొరకలేదు’ అనే ముందు

మిత్రులకూ, ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న విద్యార్థులకూ నమస్కారం.

చెన్నైలో తెలుగువాళ్లు నడిపే దుకాణాలకూ, చిన్న చిన్న కార్యాలయాలకూ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసిపెడుతూ నేను చాలా ఏళ్లు గడిపాను. ఇన్నేళ్లలో నాకు వచ్చిన ఫిర్యాదుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది ఒక్కటే: “రికార్డు ఉందండీ, నేనే ఎక్కించాను, కానీ వెతికితే దొరకలేదంటోంది.” ఈ మాట వినగానే మనలో చాలామంది చేసే మొదటి పని క్వెరీని, అంటే డేటాబేసును అడిగే వాక్యాన్ని, తెరిచి దాన్ని మార్చడం మొదలుపెట్టడం. అది తప్పు దారి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు తప్పో, దానికి బదులు ఏం చేయాలో చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు అందులోని కీలకమైన ఆలోచన, సమాచారం డిస్కు మీద ఎక్కడ ఉందో మనం పట్టించుకోనక్కర లేకుండా దాని విలువను బట్టే దాన్ని పట్టుకోగలగాలి అన్నది. మనం రోజూ రాసే క్వెరీలన్నీ ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి. అయితే విలువను బట్టి వెతకడమంటే రెండు విలువలు ఒకటేనని యంత్రం ఒప్పుకోవాలి. మన కంటికి ఒకటిగా కనిపించేవి యంత్రానికి ఒకటి కాకపోవచ్చు. వెతుకులాట విఫలమైన చోట నేను చూసిన తప్పుల్లో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

వాడుకరి అనుకున్న విలువ నాలుగు మజిలీలు దాటుతుంది. మొదట అది టెక్స్ట్ బాక్సులో పడుతుంది, తరువాత ప్రోగ్రాము లోపల ఒక వేరియబుల్ అవుతుంది, ఆ తరువాత క్వెరీలో భాగమై డేటాబేసుకు చేరుతుంది, చివరికి పట్టికలో ఇదివరకే నిలవ ఉన్న విలువతో పోల్చబడుతుంది. సెంట్రల్‌లో బయల్దేరిన రైలు గూడూరులో కనిపించి నెల్లూరులో కనిపించకపోతే ఆ రెండు స్టేషన్ల మధ్య వెతుకుతాం గానీ సెంట్రల్‌కు తిరిగివెళ్లి ప్లాట్‌ఫారాలన్నీ గాలించం. ఇక్కడా అంతే. ప్రతి మజిలీలోనూ విలువను ఉన్నది ఉన్నట్టు బయటికి తీసి చూస్తే, ఏ రెండు మజిలీల మధ్య అది మారిందో దానంతట అదే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. చెన్నైలోని ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో తెలుగువారు నడిపే ఒక హోల్‌సేల్ దుకాణానికి విజువల్ బేసిక్‌లో రాసిన బిల్లుల ప్రోగ్రాము ఉండేది, దాని వెనక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేసు ఉండేది. షావుకారు గారు నాతో అన్న మాట ఇది: “నెల మొదట్లో ఆ రోజు బిల్లులు అడిగితే సరిగ్గా రావు, పదమూడో తారీఖు నుంచి దానంతట అదే సర్దుకుంటుంది.” ఆయన మాటను అంతకుముందు ఎవరూ నమ్మలేదట. కానీ అక్కడి గుమాస్తా ప్రతిరోజూ ఏం వచ్చిందో ఒక చిన్న నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. మార్చి 1న పాత బిల్లులేవో వచ్చాయి, 2న కూడా అంతే, 3 సరిపోయింది, 4న ఏమీ లేవు. ఆ మూడో తారీఖు దగ్గర నా వేలు ఆగిపోయింది.

నేను వెళ్లింది ఐదో తారీఖున. క్వెరీ డేటాబేసుకు వెళ్లే ముందు వరుసలో ఒక మెసేజ్ బాక్సు పెట్టి, తయారైన వాక్యాన్ని తెర మీద చూశాను. రెండు హ్యాష్ గుర్తుల మధ్య 05/03 అని, తరువాత సంవత్సరం ఉంది. ఆ ప్రోగ్రాము రాసినవారు తేదీని మన పద్ధతిలో, రోజు ముందు నెల తరువాత, అక్షరాలుగా మార్చి వాక్యంలో అతికించారు. యాక్సెస్ మాత్రం తన ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) వాక్యంలో హ్యాష్‌ల మధ్య ఇలా వచ్చిన తేదీని, విండోస్‌లో మనం ఏ దేశపు అమరిక పెట్టుకున్నా సరే, అమెరికా పద్ధతిలోనే చదువుతుంది. కనుక మార్చి 5 దానికి మే 3 అయింది. మే నెల ఇంకా రానే లేదు కాబట్టి బిల్లులు లేవంది. మార్చి 1, 2 దానికి జనవరి 3, ఫిబ్రవరి 3 అయ్యాయి కనుక ఆ పాత బిల్లులు చూపింది. పదమూడో తారీఖున 13/03 వచ్చినప్పుడు పదమూడో నెల అంటూ ఉండదు కాబట్టి, ఏ హెచ్చరికా లేకుండా తిప్పి చదువుకుని సరైన జవాబు ఇచ్చింది. మార్చి 3న రోజూ నెలా ఒకే అంకె కనుక ఎలా చదివినా ఒకటే. గుమాస్తా నోటుపుస్తకంలో ఉన్న ఒక్క చిన్న వివరం లోపం ఏమిటో పూర్తిగా చెప్పేసింది. వాడుకరి చెప్పేది మనకు ఎంత వింతగా తోచినా, ఏ రోజు, ఏ విలువతో, ఏం జరిగిందో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి.

దానికి మందు తేదీని వాక్యంలో అతికించకుండా, తేదీగానే విడిగా, పారామీటరు ద్వారా పంపడం. వాక్యాన్ని ముక్కలుగా అతికించడం మానేస్తే తేదీల గొడవే కాదు, ఇంగ్లీషులో డిసౌజా వంటి పేరు మధ్యలో వచ్చే ఒంటి కొటేషన్ గుర్తు క్వెరీని విరగ్గొట్టడం కూడా ఆగిపోతుంది. ఆ కొటేషన్ గుర్తు వల్ల ప్రోగ్రాము ఆగిపోయిందంటే, అదే రంధ్రంలోంచి ఎవరైనా తమ సొంత ఎస్‌క్యూఎల్‌ను లోపలికి ఎక్కించవచ్చు. కౌంటరులో ఒక్క మనిషి మాత్రమే వాడే ప్రోగ్రాము కదా అని ఆ రంధ్రాన్ని వదిలేయకూడదు.

పారామీటర్లకూ ఒక మెలిక ఉంది. ప్రోగ్రామునూ డేటాబేసునూ కలిపే ఓలీడీబీ అన్న వారధి ద్వారా యాక్సెస్‌తో మాట్లాడేటప్పుడు మనం పారామీటర్లకు పెట్టిన పేర్లను అది పట్టించుకోదు, కేవలం వాటిని చేర్చిన వరుసనే చూస్తుంది. ఖాతా నంబరును బట్టి ఫోనునూ ఊరినీ మార్చే వాక్యాన్ని ఫోను, ఊరు, ఖాతా నంబరు అన్న క్రమంలో రాసి, ఖాతా నంబరును ముందుగా చేర్చారనుకోండి. అన్నీ టెక్స్ట్ కాలమ్‌లే అయితే తప్పేదీ కనిపించదు, ‘సేవ్ అయింది’ అన్న సందేశం కూడా వస్తుంది, కానీ ఒక్క వరుస కూడా మారదు. ఆదేశం నడిచాక ఎన్ని వరుసలు మారాయో చెప్పే సంఖ్య ఒకటి తిరిగి వస్తుంది. దాన్ని చూసేవాళ్లు చాలా తక్కువ. అది సున్నా అయితే అక్కడే ఆగి కారణం వెతకాలి. అలాగే యాక్సెస్ లోపల నక్షత్రం గుర్తుతో చక్కగా పనిచేసిన లైక్ క్వెరీ (మాటలో ఒక భాగం ఇచ్చి వెతికేది), ఓలీడీబీ గుండా వెళ్లినప్పుడు శాతం గుర్తు లేనిదే ఏమీ తేదు.

ఇప్పుడు మన భాష దగ్గరికి వస్తాను. ‘చెన్నై’ అన్న మాటనే తీసుకోండి. అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఇది మామూలుగా ఆరు సంకేతాలు: చ, ఎత్వం, న, పొల్లు, న, ఐత్వం. కానీ ఆ ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం ఒకటీ దాని కింద వచ్చే ఐత్వపు గుర్తు ఒకటీ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది, తెర మీద రెండూ ఒకేలా కనిపించాలి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు మాత్రం మామూలు అమరికలో బైట్లను బైట్లతో పోలుస్తుంది కనుక, ఆరు సంకేతాల చెన్నైని అడిగితే ఏడు సంకేతాల చెన్నైని ఇవ్వదు. మనం ఉంటున్న ఊరి పేరే మన డేటాబేసులో రెండు ఊళ్లుగా ఉండే అవకాశం ఉంది.

ఇంతకంటే తరచుగా వచ్చేది కనిపించని జాయినర్, అంటే అక్షరాలు కలవాలో విడిగా ఉండాలో చెప్పే సంకేతం. ‘కుమార్’ అని పొల్లుతో ముగిసే మాట చివర, కొన్ని తెలుగు కీబోర్డులు, ఫాంటు మార్పిడి చేసే కొన్ని సాధనాలు, వెడల్పు లేని ఒక నాన్‌జాయినర్ సంకేతాన్ని చేరుస్తాయి. అది ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు. పొడవు అడిగితే ఒకటి 6 అంటుంది, మరొకటి 7 అంటుంది. అందుకే తెలుగు పేరు దొరకనప్పుడు నేను మొదట తీసేది దాని పొడవు, ఆ తరువాత ఒక్కొక్క సంకేతం అంకె. ఎక్సెల్ నుంచీ వెబ్ పేజీల నుంచీ తెచ్చి అతికించిన పేర్లలో విడగొట్టరాని ఖాళీ (నాన్‌బ్రేకింగ్ స్పేస్) కూడా దాక్కుని వస్తుంది. పాత విజువల్ బేసిక్‌లోని ట్రిమ్ మామూలు ఖాళీని మాత్రమే తీస్తుంది, దీన్ని ముట్టుకోదు.

అయితే జాయినర్లన్నిటినీ ఊడ్చేద్దామా? వద్దు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట మధ్యలో అదే సంకేతం వల్లనే వకారం వత్తుగా మారకుండా నిలబడుతోంది. దాన్ని తీసేస్తే చదివేవాడికి మాట చెడిపోతుంది. నేను చేసేదేమంటే, వాడుకరి టైపు చేసిన రూపాన్ని ఒక కాలమ్‌లో అలాగే ఉంచుతాను. దాని పక్కన వెతకడానికి మరో కాలమ్ పెట్టి, అందులో ఐత్వాలను ఒకే రూపానికి తెచ్చి, జాయినర్లూ అదనపు ఖాళీలూ తీసేసిన రూపాన్ని దాస్తాను. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌లో నార్మలైజ్ అన్న ఫంక్షన్ మొదటి పనిని చేసిపెడుతుంది. వెతికే మాటను కూడా సరిగ్గా అదే ఫంక్షన్ గుండా పంపాలి. నిలవ చేసేటప్పుడు ఒక దారి, వెతికేటప్పుడు మరో దారి పెడితే పడిన శ్రమంతా వృథా అవుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో పనిచేసేవారికి ఒక మాట. కొలేషన్ (అక్షరాలను దాచి పోల్చే అమరిక) యూటీఎఫ్-8 రకం కానప్పుడు, తెలుగు మాటను ముందు ఎన్ అక్షరం లేకుండా కొటేషన్లలో రాస్తే, అది పట్టికను చేరకముందే ప్రశ్నార్థకాల వరుసగా మారిపోతుంది. మీరు అడిగింది ‘లక్ష్మి’ని, డేటాబేసు వెతికింది ఏడు ప్రశ్నార్థకాలను.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పేర్ల సంగతి వేరు. ‘గీత’ను ఆంధ్రలో చాలామంది చివర టీ, ఏ లతో రాస్తారు, ఇక్కడ తమిళనాడు అలవాటు ప్రకారం మధ్యలో హెచ్ కూడా చేరుతుంది. ఒకే ఇంట్లో నెల్లూరులో చదివిన అక్కదీ చెన్నైలో చదివిన చెల్లెలిదీ స్పెల్లింగ్ పద్ధతులు వేరుగా ఉండడం నేను చూశాను. ఉచ్చారణను బట్టి పేర్లను కలిపే సౌండెక్స్ పద్ధతికి రాబర్ట్ రసెల్ 1918లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది ఫంక్షన్‌గా ఉంది. అది హెచ్‌ను లెక్కలోకి తీసుకోదు కనుక గీతలిద్దరినీ ఒకే గుంపులో వేస్తుంది. లక్ష్మిని ఎక్స్‌తో రాసినా, కే, ఎస్, హెచ్‌లతో రాసినా ఒకే కోడు ఇస్తుంది. కానీ పళని అన్న పేరును ఎల్‌తో రాసినవారినీ, తమిళ ఉచ్చారణ కోసం జడ్, హెచ్‌లతో రాసినవారినీ కలపలేదు, ఎందుకంటే దాని లెక్కలో ఎల్ ఒక వర్గం, జడ్ మరో వర్గం. ఈ ఊళ్లో పనిచేసే ప్రోగ్రాముకు ఆ జతను మనమే చేర్చుకోవాలి. ఇలా దొరికిన పేర్లను జాబితాగా చూపించి మనిషి చేత ఎంపిక చేయించాలే తప్ప, మొదటిదాన్ని ప్రోగ్రామే తీసుకుని బిల్లు వేయకూడదు.

అంకెల విషయం త్వరగా చెబుతాను. మొబైల్ నంబరును ఇంటీజరుగా మార్చకండి. 32 బిట్ల ఇంటీజరు 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది, మన పది అంకెల మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి కనుక ఒక్కటి కూడా అందులో పట్టదు. చెన్నై ల్యాండ్‌లైన్ కోడ్ 044 లోని ముందు సున్నా కూడా పోతుంది. కూడికలూ తీసివేతలూ చేయని సంఖ్య ఏదైనా టెక్స్ట్‌గానే ఉండాలి. మరో సంగతి: డాట్‌నెట్‌లో ఇది అంకేనా అని అడిగే ఫంక్షన్ తెలుగు అంకె ౫ ను కూడా అవునంటుంది, కానీ ఆ అంకెను ఇంటీజరుగా మార్చబోతే తప్పు వస్తుంది.

ఒక్కోసారి ఇవేవీ కాక, వెతుకుతున్న ఫైలే వేరే అయి ఉంటుంది. విజువల్ స్టూడియోలో డేటాబేసు ఫైలుకు ‘ఎల్లప్పుడూ కాపీ చెయ్యి’ అన్న అమరిక ఉంటే, బిల్డ్ చేసిన ప్రతిసారీ పాత ఖాళీ ఫైలు వచ్చి నిన్న ఎక్కించిన రికార్డుల మీద కూర్చుంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో డేటాబేసు పెట్టిన పాత ప్రోగ్రాముల్లో, విస్టా నుంచీ విండోస్ ఆ రాతలను ఒక్కో వాడుకరికి విడిగా ఉండే వర్చువల్ స్టోర్ ఫోల్డరులోకి మళ్లిస్తుంది. అప్పుడు ఒకే కంప్యూటరులో ఉదయం గుమాస్తా తన లాగిన్‌లో ఎక్కించినది సాయంత్రం షావుకారు గారి లాగిన్‌లో కనిపించదు. కనెక్షన్ తెరిచిన వెంటనే ఫైలు పూర్తి దారిని లాగ్‌లో రాయండి, ఇది ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

‘రికార్డు దొరకలేదు’ అన్న సందేశాన్ని మనం ఎక్కడెక్కడ వాడుతున్నామో కూడా చూసుకోవాలి. కనెక్షన్ తెరుచుకోకపోయినా, క్వెరీలో తప్పున్నా, తప్పులను పట్టుకోవడానికి రాసే క్యాచ్ బ్లాక్ ఖాళీగా ఉండి ఆ తప్పును మింగేసి ఇదే సందేశం చూపించే ప్రోగ్రాములు నేను ఎన్నో విప్పాను. డేటాబేసును అడగలేకపోయాము అన్నది ఒక సందేశం, అడిగాము లేదు అన్నది వేరొక సందేశం, ఒకటికి మించి ఉన్నాయి అన్నది మూడోది. రెండో సందేశంలో ఏ మాట కోసం వెతికామో కొటేషన్లలో చూపిస్తే, చివర చేరిన ఖాళీ కౌంటరులో కూర్చున్న అమ్మాయికే కనబడుతుంది. ఆమె టైపు చేసినదాన్ని బాక్సులోంచి చెరిపేయకండి, ఎంపిక చేసి ఉంచండి, ఒక్క అక్షరం దిద్దుకుని మళ్లీ ఎంటర్ నొక్కుతుంది.

ఈ ల్యాప్‌టాప్‌లో రెండు చెన్నైలు ఉన్న చిన్న పట్టిక ఒకటి పెట్టుకుని వచ్చాను. ముందు వరుసలో ఉన్నవారెవరైనా వచ్చి, మీకు అలవాటైన కీబోర్డుతో ఆ పేరు టైపు చేయండి. ఏ వరుస తిరిగివస్తుందో, దాని పొడవు ఎంతో తెర మీద చూద్దాం.