ఎవరిని తీసుకోవాలి అనే ముందు: డల్లాస్ డ్రాఫ్ట్ చర్చలపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో మన తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే మాట. మన డల్లాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్, డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే రోజున, ఈసారి ఎవరిని తీసుకుంటారు? ఒకరు బంతి విసిరేవాడి మీదికి దూసుకెళ్లే పాస్ రషర్ కావాలంటారు, ఇంకొకరు బంతి అందుకునేవాళ్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ లేకపోతే ఈ ఏడూ మునిగినట్టే అంటారు. కాలేజీ ఆటలు శనివారాల్లో కూర్చుని చూసిన పిల్లలు మనకన్నా ఎక్కువ పేర్లు చెబుతారు. ఈ చర్చ నాకు చాలా ఇష్టం. అందుకే అది సరైన చోట మొదలవ్వాలని కోరుకుంటాను.

మనం ఎప్పుడూ "అందరిలోకీ మంచి ఆటగాడు ఎవరు?" అని మొదలుపెడతాం. దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. 21, 22 ఏళ్ల కుర్రాడు నాలుగేళ్ల తర్వాత ఎలా ఆడతాడో మనకు ఎంతవరకు తెలుస్తుంది? తెలిసేది తక్కువ అని ఒప్పుకుంటే, ఆ తర్వాత వాదన నడిచే తీరే మారిపోతుంది.

ఈ ఆటకు కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. ఐపీఎల్ వేలంలో డబ్బు మిగిలిన జట్టు పాట పెంచి ఆటగాణ్ణి దక్కించుకోవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పాట లేదు, వంతు ఉంది. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటి సీజన్‌లో అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు రౌండులో ఆఖరి వంతు. బలహీనమైన జట్లు కోలుకోవాలని ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బర్ట్ బెల్ ప్రతిపాదిస్తే 1936లో ఇది మొదలైంది. ఆ వంతునే పిక్ అంటాం. పిక్‌ను వేరే జట్టుతో మార్చుకోవచ్చు. వచ్చే ఏడాది పిక్‌ను ఈ ఏడాదే ఇచ్చేయొచ్చు కూడా. నా మాటల్లో ఎక్కువ భాగం ఈ మార్పిడి గురించే ఉంటుంది.

మనకు ఎంత తెలుస్తుంది అన్న ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకున్న జట్టు మన డల్లాసే. కౌబాయ్స్ 1960లో పుట్టారు, ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్‌కు స్కౌట్ల, అంటే కాలేజీ ఆటగాళ్లను చూసి అంచనా వేసేవాళ్ల, నివేదికలతో ఇబ్బంది ఉండేది. ఒక స్కౌట్ "మంచి వేగం" అని రాస్తాడు, ఇంకొక స్కౌట్ వేరే కాలేజీలో వేరే కుర్రాణ్ణి చూసి అదే మాట రాస్తాడు. ఇద్దరి మాటా ఒకటేనా? ఆ చిక్కు విప్పడానికి ష్రామ్ ఐబీఎం అనుబంధ సంస్థలో పనిచేస్తున్న ఒక గణాంకవేత్తను పట్టుకున్నారు. ఆయన పేరు సలాం ఖురేషీ. భారతదేశంలో పుట్టి, అలీగఢ్‌లో చదివి, అమెరికా వచ్చినవారు. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఆయనకు ఏమీ తెలియదు.

ఈ హాల్లో సగం మంది డేటాతో బతుకుతున్నవాళ్లం కాబట్టి, ఆయన చేసిన పనిని కాస్త నెమ్మదిగా చెబుతాను. ఎత్తు, బరువు, పరుగు సమయం ఎవరైనా కొలుస్తారు. కొలతకు దొరకని గుణాల సంగతేమిటి? కోచ్‌లు, స్కౌట్లు చెప్పుకునే బోలెడన్ని లక్షణాలను వడపోసి చివరికి ఐదు గుణాలకు తెచ్చారు: నడవడి, శరీరం మీద అదుపుతో కూడిన చురుకు, పోటీతత్వం, బుద్ధి చురుకు, బలం. ఒక్కో గుణానికీ మామూలు మాటల్లో వాక్యాలు రాసి, ఆ వాక్యం ఈ కుర్రాడికి ఎంతవరకు వర్తిస్తుందో 1 నుంచి 9 వరకు అంకె వేయమన్నారు. దాంతో స్కౌట్లందరూ ఒకే కొలబద్దతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఇవాళ ప్రతి జట్టుకూ ఒక డేటా విభాగం ఉంది. అరవై ఏళ్ల కిందట మన దేశం నుంచి వచ్చిన ఒక మనిషి ఈ ఊరి జట్టు కోసం ఆ దారి వేశాడన్నది మన పిల్లలకు తెలియాలి. ఫ్రిస్కోలో కౌబాయ్స్ ఆఫీసు పక్క నుంచి రోజూ కార్లో వెళ్లే పిల్లలకైతే తప్పకుండా తెలియాలి.

1964 డ్రాఫ్ట్‌లో డల్లాస్ ఏడో రౌండులో బాబ్ హేస్‌ను తీసుకుంది. ఆ ఏడాదే టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బంగారు పతకం గెలిచిన మనిషి. పదో రౌండులో రోజర్ స్టాబాక్‌ను తీసుకుంది. నేవీ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు ఆటను నడిపించేవాడు), చదువు తర్వాత నౌకాదళంలో పనిచేయాలి, 1969 దాకా జట్టులోకి రాలేడు. మిగతా జట్లకు అది నష్టంగా కనబడింది. డల్లాస్ ఆగింది, స్టాబాక్ రెండు సూపర్ బౌల్స్ గెలిపించాడు. ఆలస్యపు రౌండులో పిక్ ఖరీదు తక్కువ, తప్పినా పోయేది కొంచెమే. అలాంటి చోటే ధైర్యం చేయాలన్న లెక్క వాళ్లకు అప్పుడే పట్టుబడింది.

ఇక మనలో చాలామందికి గుర్తున్న 2014కి వద్దాం. డల్లాస్ పిక్ 16. టెక్సస్ ఏ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ అప్పటికి ఇంకా మిగిలే ఉన్నాడు. మొదటి ఏడాది కుర్రాడిగానే 2012లో కాలేజీ ఆటగాళ్లలో మేటికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు, టెక్సస్ అంతా ఊగిపోయిన పేరు. మన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకు 34 ఏళ్లు. యజమాని జెర్రీ జోన్స్‌కు మాంజెల్ మీద మనసు ఉంది, ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పారు. ఆయన కొడుకు స్టీఫెన్, ఇంకా స్కౌటింగ్ విభాగం వేరేలా వాదించారు. చివరికి పేరు చీటీ మీద నోట్రడేమ్ నుంచి వచ్చిన జాక్ మార్టిన్ అని రాశారు. గార్డ్, అంటే లైన్ అనే ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునేవాడు. బంతి ముట్టుకోడు, టీవీలో అతని పేరు వినబడితే సాధారణంగా అది ఏదో ఫౌల్ గురించే. ఆ రాత్రి ఎంతమంది అభిమానులు తిట్టుకున్నారో మీకు తెలుసు.

మాంజెల్‌ను 22వ పిక్‌తో క్లీవ్‌లాండ్ తీసుకుంది, రెండు సీజన్లతో అతని ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట అయిపోయింది. మార్టిన్ 11 సీజన్లు ఇక్కడే ఆడి, 9 సార్లు లీగ్‌లోని మేటి ఆటగాళ్ల జట్టు ప్రో బౌల్‌కు ఎంపికై రిటైరయ్యాడు. నన్ను కదిలించేది ఈ ఫలితం కన్నా ఆ గదిలో జరిగిన వాదన. ఏడాదంతా కష్టపడి కట్టుకున్న జాబితాలో మార్టిన్ పైన ఉన్నాడు, ఆ రాత్రి ఉత్సాహంలో ఆ జాబితాను పక్కన పెట్టకూడదు. స్టీఫెన్ జోన్స్ పక్షాన ఉన్న బలం అదే. యజమానికి, అందులోనూ తండ్రికి, ఆ మాట చెప్పి ఒప్పించడం చిన్న పని కాదు. ఒప్పుకున్న ఆయనకూ అందులో గౌరవం ఉంది.

అయితే జాబితాను నమ్మితే చాలా? రెండేళ్లు తిరక్కుండానే, 2016లో, దానికీ జవాబు దొరికింది. ఆ ఏడాది డల్లాస్‌కు రోమో తర్వాత ఆడే కుర్ర క్వార్టర్‌బ్యాక్ కావాలి. మొదట ఆశపడింది మెంఫిస్ కుర్రాడు పాక్స్‌టన్ లించ్ మీద. మొదటి రౌండు చివర్లో డెన్వర్ ముందుకు జరిగి, అంటే పిక్‌లు మార్చుకుని ముందు వంతు సంపాదించి, 26వ పిక్‌తో అతన్ని పట్టుకుపోయింది. తర్వాత మిషిగన్ స్టేట్ కుర్రాడు కానర్ కుక్. డల్లాస్ వంతు 101. ఓక్లాండ్ వచ్చి 100వ పిక్‌తో అతన్ని తీసుకుంది. ఆ తర్వాత, నాలుగో రౌండులో 135వ పిక్‌తో, మిసిసిపీ స్టేట్ కుర్రాడు డాక్ ప్రెస్కాట్. ఆగస్టులో రోమో వెన్ను దెబ్బతింది, అంతకుముందే రెండో క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగింది. డాక్ మొదటి మ్యాచ్ నుంచే ఆడి జట్టుకు 13 విజయాలు తెచ్చాడు. లించ్ తన మొత్తం డెన్వర్ జీవితంలో నాలుగు మ్యాచ్‌లే మొదలుపెట్టాడు.

ఒకే గది, ఒకే స్కౌట్లు, ఒకే జాబితా. 2014లో జాబితా గెలిచింది, 2016లో జాబితాలో కింద ఉన్నవాడు గెలిచాడు. కొందరు దీన్ని అదృష్టం అని వదిలేస్తారు. నేను వదలను. ఒకే పొజిషన్‌లో ముగ్గురి పేర్లు రాసుకుని, మొదటివాడు పోయినా రెండో, మూడో అవకాశాన్ని చేతిలో ఉంచుకున్నందుకే డాక్ దొరికాడు. లించ్ కోసం రెండు మూడు పిక్‌లు తగలేసి ముందుకు జరిగి ఉంటే డాక్ వచ్చేవాడు కాదు.

దీని మీద ఇద్దరు పరిశోధకులు లెక్కలు వేశారు, కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఒక పొజిషన్‌లో ముందు ఎంపికైన ఆటగాడు, అదే పొజిషన్‌లో ఆ తర్వాత ఎంపికైన ఆటగాడికన్నా మెరుగ్గా ఆడే అవకాశం ఎంత అని చూశారు. 52 శాతం వచ్చింది. నాణెం ఎగరేస్తే వచ్చేదానికన్నా రెండు శాతం ఎక్కువ. అయినా జట్లు ఆ ముందు స్థానం కోసం భారీగా చెల్లిస్తాయి. ఆ చెల్లింపుకు వాడే పట్టిక పుట్టింది కూడా డల్లాస్‌లోనే. 1991లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు, జట్టులో భాగస్వామి అయిన మైక్ మెకాయ్ దాన్ని తయారుచేశారు. అందులో మొదటి పిక్‌కు 3000 పాయింట్లు, 16వ పిక్‌కు 1000. లీగంతా దాన్నే పట్టుకుని బేరాలాడింది. 2011 తర్వాత కొత్త ఆటగాళ్ల జీతాలకు పరిమితి వచ్చి పై పిక్‌లు చౌకయ్యాయి కాబట్టి ఆ పరిశోధనలోని నష్టం కొంత తగ్గింది. కానీ భవిష్యత్తును ఊహించే మన శక్తి జీతాలతో పాటు పెరగలేదు కదా.

పెరగలేదనడానికి సాక్ష్యాలు కళ్లముందే ఉన్నాయి. 2017లో షికాగో మూడో స్థానం నుంచి రెండుకు జరగడానికి మూడు అదనపు పిక్‌లు ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ మిచ్ ట్రుబిస్కీని తీసుకుంది. టెక్సస్ టెక్‌లో ఆడిన మన రాష్ట్రపు క్వార్టర్‌బ్యాక్, తర్వాత సూపర్ బౌల్స్ గెలిచిన పాట్రిక్ మహోమ్స్ పదో పిక్ దాకా మిగిలాడు. 2023లో కారొలైనా 9 నుంచి 1కి రావడానికి తన ఆటగాడు డీజే మోర్‌ను, తర్వాతి ఏడాది మొదటి రౌండు పిక్‌ను, ఇంకా కొన్నిటిని ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ను తెచ్చుకుంది. రెండో పిక్‌తో హ్యూస్టన్ తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ ఆ ఏడాది కొత్త ఆటగాళ్లలో మేటి అనిపించుకున్నాడు. కారొలైనా 2 మ్యాచ్‌లే గెలవడంతో, వాళ్లు ఇచ్చేసిన పిక్ తర్వాతి డ్రాఫ్ట్‌లో ఏకంగా మొదటి పిక్ అయ్యి షికాగో చేతికి వెళ్లింది. ఆ తర్వాత యంగ్ మెరుగుపడ్డాడు, ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. అతని కోసం జట్టు ఇచ్చిన ధరనే తప్పుపడతాను.

ఇక్కడ మీలో ఒకరు లేచి, కాన్సస్ సిటీ కూడా 27 నుంచి 10కి జరిగే కదా మహోమ్స్‌ను తీసుకుంది అని అడగాలి. నిజమే. క్వార్టర్‌బ్యాక్ విషయంలో నా వాదన మెత్తబడుతుంది. ఆ ఒక్క స్థానం జట్టు పదేళ్ల భవిష్యత్తును మార్చేస్తుంది కాబట్టి అక్కడ ధర ఎక్కువైనా కొన్నిసార్లు తప్పదు. మిగతా స్థానాలకు మాత్రం ఒప్పుకోను. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ కోసం నాలుగో పిక్ వాడటానికైతే అసలే ఒప్పుకోను. 2016లో డల్లాస్ ఆ పిక్‌తో తీసుకున్న ఎజెకియల్ ఎలియట్ ఆ తర్వాత రెండుసార్లు లీగ్‌లో అగ్రస్థానానికి పరిగెత్తగలడని తెలిసినా, మరుసటి పిక్‌లో పోయిన కార్నర్‌బ్యాక్ జేలెన్ రామ్సీ వైపే నేను ఓటు వేస్తాను. రన్నింగ్ బ్యాక్ కాళ్లు త్వరగా అరిగిపోతాయి.

వెనక్కి జరిగితే ఏం వస్తుందో 2021లో చూశాం. డల్లాస్‌కు పదో పిక్. కార్నర్‌బ్యాక్‌లు జేసీ హార్న్, పాట్రిక్ సర్టెయిన్ ఎనిమిది, తొమ్మిదిలో వెళ్లిపోయారు. అప్పుడు ఫిలడెల్ఫియాతో మార్చుకుని 12కి దిగి, అదనంగా ఒక మూడో రౌండు పిక్ తీసుకున్నారు. ఆ 12లో పెన్ స్టేట్ కుర్రాడు మైకా పార్సన్స్ దొరికాడు. మొదటి ఏడాదే 13 సాక్‌లు, అంటే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడగొట్టడాలు.

అంతకన్నా పెద్ద పాఠం 1989ది. ఆ అక్టోబరులో జిమ్మీ జాన్సన్ తన జట్టులో ఉన్న ఒకే ఒక్క స్టార్, రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చేశాడు. తిరిగి మూడు మొదటి రౌండు, మూడు రెండో రౌండు పిక్‌లు వచ్చాయి. ఆ సీజన్‌లో డల్లాస్ గెలిచింది ఒక్క మ్యాచ్. వచ్చిన పిక్‌లను మళ్లీ మళ్లీ మారకం చేసి ఎమిట్ స్మిత్‌ను, డారెన్ వుడ్సన్‌ను తెచ్చుకున్నారు. 1992, 1993, 1995 సీజన్లలో సూపర్ బౌల్స్ గెలిచారు.

మరి 2025 ఆగస్టులో పార్సన్స్‌ను గ్రీన్ బేకి ఇచ్చి, ఆటగాడు కెన్నీ క్లార్క్‌నూ రెండు మొదటి రౌండు పిక్‌లనూ తెచ్చుకోవడం కూడా అలాంటిదేనా? అవకాశాలు పెంచుకోవాలని ఇంతసేపు చెప్పిన నేను దాన్ని మెచ్చుకోవాలి అనుకుంటున్నారేమో. మెచ్చుకోను. వాకర్‌ను ఇచ్చిన జట్టు అట్టడుగున ఉంది, ఎదురుచూడటానికి దాని దగ్గర బోలెడు కాలం ఉంది. పార్సన్స్‌ను ఇచ్చిన జట్టు అప్పటికే డాక్‌కు ఏడాదికి 6 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది, అతనికి 32 ఏళ్లు. మూడేళ్లకు పండే పిక్‌లు అతనికి అందవు. పైగా డ్రాఫ్ట్‌లో మనం కొనేదంతా ఊహ. నాలుగు సీజన్లు వరుసగా 12, అంతకన్నా ఎక్కువ సాక్‌లు చేసిన 26 ఏళ్ల పాస్ రషర్ విషయంలో ఊహించాల్సింది ఏమీ మిగల్లేదు. అలాంటివాడు దొరకాలనే కదా మనం ఇన్ని పిక్‌లు కూడబెట్టేది.

అందుకని ఈసారి డ్రాఫ్ట్ రాత్రి డల్లాస్ వంతు వచ్చినప్పుడు, క్వార్టర్‌బ్యాక్ అవసరం లేని ఏ ఏడాదైనా, నా ఓటు వెనక్కి జరగడానికే. ఐదారు స్థానాలు దిగినా మన జాబితాలో ఒకే స్థాయిలో ఉన్న ముగ్గురు నలుగురు మిగులుతారంటే, దిగి, ఒక రెండో రౌండు పిక్ సంపాదించాలి. ఆ పిక్‌తో లైన్‌లో ఆడే కుర్రాణ్ణి తీసుకోవాలి. మీలో చాలామంది ఇందుకు ఒప్పుకోరని తెలుసు. మైకు ఇటు వైపు ఉంది, మీ వాదన వినాలని ఉంది.