హవాయి వెళ్లి పాత చొక్కా కొన్నాను: దీవిలో థ్రిఫ్ట్ షాపింగ్ ఎలా చేయాలి?

[ఎంవీపీ కాలనీ. మా ఇంటి బాల్కనీ. దండెం మీద ఒక్క చొక్కా. కెమెరా దాని మీదే ఉంటుంది.]

ఈ చొక్కా నాకంటే ముందు ఎవరు వేసుకున్నారో తెలియదు. ధర మాత్రం తెలుసు. ఆరు డాలర్లు. ఇలాంటిదే కొత్తది అదే ఊళ్లో, షోరూంలో వంద డాలర్లు దాటింది.

ఊరు హోనోలులు, అమెరికాలోని హవాయి దీవుల్లో ఓహు అనే దీవి మీద ఉంది. మనకి హవాయి అంటే చెప్పులే గుర్తొస్తాయి. అక్కావాళ్లు కాలిఫోర్నియాలో ఉంటారు. కిందటిసారి అమ్మ, నాన్న, నేను వెళ్లినప్పుడు బావ అందరికీ టికెట్లు తీసి వారం రోజులు ఓహు దీవికి తీసుకెళ్లాడు. వైజాగ్ వాళ్లకి సముద్రం చూపించి ఆశ్చర్యపరచడం కష్టం. రెండో రోజుకే నాన్న "మన రుషికొండలాగే ఉంది" అనేశారు. మూడో రోజు వాన. ఆ వానకి తడవకుండా దూరిన షాపే థ్రిఫ్ట్ స్టోర్.

జనం తమకి అక్కర్లేని బట్టలు, సామాన్లు ఉచితంగా ఇచ్చేస్తారు. షాపు వాటిని ఏరి, ధర వేసి అమ్ముతుంది. గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ లాంటివి సేవా సంస్థలు. సేవర్స్ వ్యాపార సంస్థ. మూడూ హోనోలులులో ఉన్నాయి.

అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఊరు కాని ఊరొచ్చి ఎవడో విడిచిన గుడ్డలు కొంటావేట్రా?"

[ఆర్కే బీచ్. వెనక కురుసుర జలాంతర్గామి.]

దీవిలో పాత సామాను ఎందుకంత బావుంటుందో చెప్పడానికే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాను. వైజాగ్‌లో నేవీ వాళ్లు పక్కింట్లో అద్దెకున్నవాళ్లకి ఈ లెక్క తెలుసు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొచ్చిన వారంలో ఫ్రిజ్, సోఫా, పిల్లాడి సైకిల్, కుండీల్లో మొక్కలతో సహా ఎంతకో అంతకి ఇచ్చేస్తారు. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ అలా వచ్చిందే. అది చండీగఢ్ వాళ్లది, ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

మనకి తూర్పు నౌకాదళం ఉన్నట్టే, ఓహులో పెర్ల్ హార్బర్ ఉంది. అమెరికా పసిఫిక్ నౌకాదళానికి అదే కేంద్రం. వేల కుటుంబాలు వస్తాయి, రెండు మూడేళ్లుండి వెళ్లిపోతాయి. వెళ్లేటప్పుడు అన్నీ మోసుకెళ్లలేరు. కాలిఫోర్నియా అక్కడికి దాదాపు 3,800 కిలోమీటర్లు, అంటే మనకీ పోర్ట్ బ్లెయిర్‌కీ ఉన్న దూరానికి మూడు రెట్లు. పైగా 1920లో వచ్చిన జోన్స్ చట్టం ఒకటుంది. ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకి సరుకు వెళ్లాలంటే అమెరికాలో కట్టిన ఓడలోనే వెళ్లాలి. ఆ కిరాయి మామూలుగా ఉండదు. అందుకే దీవిలో కొత్త సరుకు ప్రియం, ఉన్న సరుకు బయటికి పంపడమూ ప్రియమే. వచ్చింది వచ్చినట్టు ఈ షాపుల్లోకి చేరుతుంది. దానికి టూరిస్టులు వదిలేసే సామాను తోడు: బీచ్ చాపలు, గొడుగులు, నీళ్లలో తల ముంచి చూడ్డానికి పెట్టుకునే స్నార్కెల్ మాస్కులు, థర్మకోల్ పెట్టెలు. ఇవి వెళ్లిన మొదటి రోజే కొనుక్కోండి, చివరి రోజు మళ్లీ అక్కడే ఇచ్చేయండి. మేం మూడో రోజు దాకా తెలియక రెండు గొడుగులు కొత్తవి కొన్నాం. బావ ఇంకా ఆ మాట ఎత్తితే ముఖం తిప్పుకుంటాడు.

[మళ్లీ బాల్కనీ. చొక్కా బాగా దగ్గరగా.]

ఇప్పుడు చొక్కా. దీన్ని అలోహా షర్ట్ అంటారు. 1935లో హోనోలులులో ఒక దర్జీ దుకాణం పేపర్లో ఆ పేరుతో ప్రకటన వేసింది. మొదట్లో జపాన్ కిమోనో గుడ్డ ముక్కలతో కుట్టేవాళ్లు. ఇప్పుడక్కడ బ్యాంకు ఉద్యోగులు కూడా ఆఫీసుకి ఇదే వేసుకొస్తారు, పెళ్లికీ ఇదే. కాబట్టి షాపులో వరసలు వరసలుగా ఉంటాయి. అందులో మంచిది ఏరడమే పని.

ముందు జేబు వెతకండి. కనిపించిందా? వెంటనే కనిపిస్తే మామూలు చొక్కా. ఇదిగో, నేను వేలు పెట్టి చూపించే దాకా మీకు తెలియలేదు కదా. కింద గుడ్డ మీద ఆకు ఎక్కడ ఆగిందో, జేబు మీద అక్కడి నుంచే మొదలైంది. గుండీల పట్టీ దగ్గర కూడా చూడండి, మందార పువ్వు సగం ఇటు, సగం అటు, గుండీ పెట్టగానే ఒక్కటైపోయింది. ఇలా కుట్టాలంటే గుడ్డ ఎక్కువ పోతుంది, దర్జీకి ఓపిక కావాలి. తర్వాత గుండీలు. ఇవి కొబ్బరి చిప్పవి. గోరుతో తడితే చెక్క మీద తట్టినట్టుంటుంది, ప్లాస్టిక్ లాగా టిక్కుమనదు. ఆఖర్న మెడ దగ్గర లేబుల్ మీద 'మేడ్ ఇన్ హవాయి' ఉందేమో చదవండి.

ఒక చోట మాత్రం మోసపోకండి. కొన్ని చొక్కాలు వెలిసిపోయినట్టుంటాయి. నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని "తిరగేసి కుట్టేశార్రా వీళ్లు" అని పక్కన పడేశారు. నిజంగానే తిరగేసి కుట్టారు. రివర్స్ ప్రింట్ అంటారు, కావాలనే గుడ్డ లోపలి వైపు బయటికి పెడతారు. ఆఫీసుకి ఆ మసక రంగే మర్యాద. అది ఐదు డాలర్లే. నాన్న వదిలేశారు, నేనూ చూసుకోలేదు. ఇంటికొచ్చి నెట్‌లో చూశాక రెండు రోజులు బాధపడ్డాను.

సైజు నమ్మకండి. మీకు సరిగ్గా పట్టే చొక్కా పరిచి, చంక నుంచి చంక దాకా కొలిచి ఆ అంకె ఫోన్‌లో రాసుకెళ్లండి. రేయాన్ అయితే చల్లనీళ్లలో చేత్తో ఉతకాలి. మెషీన్‌లో వేడినీళ్లు పోశారంటే తమ్ముడికి ఇవ్వాల్సిందే.

అమ్మ సంగతి. లోపలికొచ్చిన పావుగంటకి ఆడవాళ్ల వరస దగ్గర నవ్వుతూ కనిపించింది. చేతిలో పువ్వుల గౌను, భుజాల నుంచి కాళ్ల దాకా ఒకే వదులు. "ఇది నైటీయే కదరా!" మూమూ అంటారు. 1820లో దీవులకి వచ్చిన క్రైస్తవ మిషనరీలు మొదలుపెట్టిన వదులు గౌన్ల నుంచి వచ్చింది. మన దగ్గర నైటీ మీద తువ్వాలు వేసుకుని గేటు దాకా వెళ్తే చాలు, వీధి చివరికి వెళ్లాలంటే చీర మార్చాలి. అక్కడ ఇదే వేసుకుని ఫంక్షన్‌కి వెళ్తారని కౌంటర్ దగ్గరావిడ చెప్తే అమ్మ ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత రెండు తీసుకుంది. పూర్ణా మార్కెట్ అలవాటు కొద్దీ "రెండూ కలిపి చూసి చెప్పమ్మా" అని తెలుగులో బేరం కూడా పెట్టింది. అక్కడ బేరాల్లేవు. చాలా షాపుల్లో ట్యాగ్ రంగు చూసుకోవాలి, వారానికో రంగు మీద తగ్గింపు ఉంటుంది. అమ్మకి పసుపు ట్యాగ్ కలిసొచ్చింది.

[చేతిలో అల్లిన సంచి.]

ఇదీ అమ్మే కనిపెట్టింది. లౌహాల అంటారు. అమ్మ వేళ్లతో తడిమి, "మొగలాకులా ఉంది" అంది. అక్క ఫోన్‌లో వెతికితే హాలా చెట్టు మన మొగలి జాతిదే. ఆకు అంచున ముళ్లు తీసేసి, ఎండబెట్టి, చీల్చి అల్లుతారు. అంచు విరిగిపోకుండా వంగితే కొనొచ్చు, పొడిగా పెళుసుగా ఉంటే వద్దు.

కొన్నవాటిని తిన్నగా సూట్‌కేసులో పడేయకండి. కుట్లు, మడతలు చూడండి, నల్లులు అక్కడే ఉంటాయి. డ్రయ్యర్‌కి తట్టుకునే బట్టలైతే బాగా వేడి మీద అరగంట తిప్పితే చాలు. హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లే సామాన్లని ఎయిర్‌పోర్టులో వ్యవసాయ శాఖ వాళ్లు తనిఖీ చేస్తారు. ఎండిన అల్లిక సంచికి మాకు ఇబ్బంది రాలేదు. అమ్మ దాంట్లో దాచిన మామిడిపండు మాత్రం తీసేసుకున్నారు.

[వంటగది. స్టవ్ పక్కన రైస్ కుక్కర్ గిన్నె.]

ఇక నా ఘనకార్యం. హవాయిలో జనం మనలాగే అన్నం తింటారు, అందుకని థ్రిఫ్ట్ షాపుల్లో రైస్ కుక్కర్లు బోలెడు. ఎనిమిది డాలర్లకి చక్కటిది దొరికింది. కాలిఫోర్నియా మీదుగా వైజాగ్ దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చినంత పని చేశాను. అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ పెట్టాను కదా అనుకున్నాను. అది ప్లగ్గు ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజీ మార్చదు. స్విచ్ వేశాను, టప్ మంది, పొగ, కాలిన వాసన. మెకానిక్ చూసి ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోమన్నాడు, దాని ఖరీదు కుక్కర్‌కి మూడింతలు. కాబట్టి కరెంటు వస్తువు కొనే ముందు అడుగున చూడండి. '100–240' అని ఉంటే తీసుకోండి, ఉత్త '120' ఉంటే అక్కడే పెట్టేయండి.

గిన్నె మిగిలింది. అమ్మ దాంట్లో బియ్యం కడుగుతోంది.

[బయట వీధిలోంచి కేక: "పాత బట్టలకి స్టీలు సామాన్లే...!" కెమెరా బాల్కనీ వైపు తిరుగుతుంది. దండెం దగ్గర అమ్మ.]

అమ్మా, అది కాదు. అమ్మా! ఆ చొక్కా అక్కడే ఉంచు!